ముఖము కడుగుకొనుట

ధ్యాన భాగములు: మత్తయి 6:17, యిర్మీయా 13:23, సంఖ్యాకాండము 12వ అధ్యాయము



పరిశుద్ధ గ్రంథములో సబ్బు మాట బహు అరుదు. యిర్మీయా 2వ అధ్యాయములోను, మలాకీ 3వ అధ్యాయములోను దానిని చూచుచున్నాము. ఆ రెండు చోట్ల హెబ్రీ భాషలో ఉన్న మాట బోరిత్. అది మన దుకాణములలో రంగు కాగితము చుట్టి అమ్మెడి బిళ్ల కాదు. కొన్ని మొక్కలను కాల్చి, ఆ బూడిదనుండి తీసిన క్షారము. చౌడుమట్టితో బట్టలు ఉడుకబెట్టిన రోజులు ఎరిగిన పెద్దలకు ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు. బట్టకు చౌడు, తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి. ఇవి మన అవ్వల సబ్బులు.

ముఖము కడుగుకొనుటను గూర్చియైతే మన ప్రభువే కొండమీది ప్రసంగములో మాటలాడెను. ఉపవాసమున్నవాడు వాడిన మొగముతో నలుగురిలో తిరుగక, తలకు నూనె రాచుకొని ముఖము కడుగుకొనవలెనని ఆయన బోధ. ముఖము మురికిగా ఉంచుకొనుట భక్తి కాదని దీనివలన తేటపడుచున్నది. గనుక ఈ నెల పుటలో మేము సబ్బును గూర్చి వ్రాయుట చూచి ఎవరును ఆశ్చర్యపడకుందురు గాక. పరిశుభ్రత దైవభక్తికి ప్రక్కనే ఉన్నదను మాట బైబిలులోనిదని చాలమంది తలంతురు. అది బైబిలులో లేదు. 18వ శతాబ్దములో జాన్ వెస్లీ దుస్తులను గూర్చి చేసిన ప్రసంగములో దానిని వాడెను. మంచి మాటయే, అయినను లేఖనము కాదు.

ఈ సంగతి ఇప్పుడేల అనిన, మన సంఘములలో అమీర్‌పేట పేరు వినని ఇల్లు నేడు తక్కువ. డిగ్రీ ముగించిన పిల్లవాడైనను, ఇంజనీరింగు చదివిన పిల్లయైనను కంప్యూటరు కోర్సు నేర్చుటకు హైదరాబాదు బస్సెక్కినయెడల చేరునది అక్కడికే. మైత్రీవనము చుట్టునున్న సందులలో కోర్సుల పేర్లు వ్రాసిన బోర్డులు గోడలను కప్పివేసియున్నవి. ఎస్.ఆర్. నగరు వైపు తిరిగితే వీధి వీధికి హాస్టళ్లు. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది మొదలు ఆ కూడలిలో జనసమ్మర్దము మరి ఎక్కువైనది. అక్కడనుండి పంజాగుట్ట వరకు నడచి చూడుడి. నగల దుకాణములు, అలంకార వస్తువుల దుకాణములు, చర్మమును తెల్లబరచెదమని బోర్డు పెట్టిన క్లినిక్కులు, అన్నిటికి అద్దాల తలుపులే. ఊరిలో ఇంటికి ఒక్క అద్దము ఉండును. ఉదయము తల దువ్వుకొనునప్పుడు చూచుకొని మరచిపోవుదుము. అక్కడ పది అడుగులకొక అద్దము. ప్రతి అద్దము ప్రక్కన తెల్లని ముఖము గల ఒక స్త్రీ బొమ్మ. ఊరినుండి వచ్చిన బిడ్డ తన ముఖమును ఆ బొమ్మ ప్రక్కనే చూచుకొనవలసి వచ్చుచున్నది.

గత సంవత్సరము మేము ఆ హాస్టళ్లలో ఉన్న మన బిడ్డలను చూడబోయితిమి. మగవారిని లోపలికి రానియ్యరు గనుక క్రింద బెంచీలమీద కూర్చుండి మాటలాడితిమి. పత్తి రైతు కుమార్తె ఒకతె ప్రార్థన అయిన తరువాత కొంచెము సిగ్గుపడుచు ఇట్లడిగెను.

“అయ్యగారూ, మొఖానికి సబ్బు రాస్తే చర్మం పాడైపోతుందని రూములో అందరూ అంటున్నారు. వాళ్లందరికీ ఫేస్‌వాష్ ట్యూబులున్నయి. కొందామంటే నాన్ననడగాలె. ఈ ఏడు పత్తికి పెట్టిన పెట్టుబడే రాలేదు.”

“ఇంటి దగ్గర ఏమి రాసుకొనేదానవమ్మా?”

“వేపసబ్బే అయ్యగారూ. అమ్మ, నేను, తమ్ముడు, అందరికీ అదే.”

చూచితిరా, ఆ బిడ్డకు సబ్బును గూర్చిన సందేహము ఒక్కటే కాదు. తండ్రి అప్పు, తన ముఖము, తోటివారి మాట, ఈ మూడును ఆమె గుండెమీద ఒక్కసారే కూర్చున్నవి. ఒక నెల ఆ ఇంటి సబ్బుతోనే కడిగి చూడుమని చెప్పితిమి. చర్మవ్యాధుల వైద్యులు చెప్పెడి కొన్ని జాగ్రత్తలను మా ఇంటి అమ్మగారు ఆమెకు కాగితముమీద వ్రాసి ఇచ్చెను. ఆ నెలలో జరిగినది చెప్పుటకు ముందు సబ్బు సంగతి కొంత తెలిసికొందము.

నూనెను గాని కొవ్వును గాని కాస్టిక్ సోడాతో కలిపి ఉడికించినప్పుడు రెండు వస్తువులు పుట్టును: ఒకటి సబ్బు, రెండవది గ్లిజరిను. సబ్బు అణువునకు ఒక కొన నీటిని పట్టుకొనును, రెండవ కొన జిడ్డును పట్టుకొనును. జిడ్డులో ఇరుకుకొన్న దుమ్ము, పొగ, చెమట నీటితో కూడ జారిపోవుట అందువలననే. ట్యూబులోని ఫేస్‌వాష్ చేయు పనియు ఇదియే. దానిలోని నురుగు పదార్థము వేరు, అంతే. అయితే తోటివారి మాటలో సగము నిజము ఉన్నది. మన చర్మము సహజముగా కొంచెము ఆమ్ల గుణము గలది, పి.హెచ్. కొలతలో సుమారు 5. సబ్బు క్షార గుణము గలది. దాని కొలత 9 నుండి 10 వరకు ఉండును. గనుక మాటిమాటికి సబ్బు రుద్దినయెడల మురికితో కూడ చర్మమును కాపాడు సహజమైన నూనె కూడ పోవును. ముఖము బిగిసిపోయినట్లుండి పొట్టు లేచును. పొడి చర్మము గలవారికి, గజ్జి తామర వంటివి ఉన్నవారికి ఇది నిజముగా బాధయే. అట్టివారు వైద్యుని అడుగక సబ్బు వాడరాదు. జిడ్డు ముఖము గల యౌవనస్థులు రోజునకు రెండుసార్లు మితముగా వాడినయెడల సాధారణముగా భయపడనక్కరలేదు.

సబ్బులన్నియు ఒక్కటే కావు. ఒంటి సబ్బు కాగితముమీద టి.ఎఫ్.ఎం. అని చిన్న అక్షరములతో ఒక అంకె ఉండును. అది సబ్బులోని కొవ్వు పదార్థమునకు కొలత. మన దేశ ప్రమాణముల ప్రకారము మొదటి తరగతి ఒంటి సబ్బులో అది 76 శాతమునకు తగ్గరాదు. రెండవ తరగతిలో 70, మూడవ తరగతిలో 60. బేతింగ్ బార్ అని వ్రాసి అమ్మువానిలో ఇంకను తక్కువ ఉండవచ్చును. పరిమళమును బట్టియు, సినిమా తార బొమ్మను బట్టియు కొనువారు ఈ అంకెను చూడరు. మరియొక హెచ్చరిక: మన ఊళ్లలో బార్ సబ్బు అనగా బట్టల సబ్బు. కొందరు బాలురు చెరువు దగ్గర దానితోనే ఒళ్లు రుద్దుకొనుట మేము చూచియున్నాము. అది ముఖమునకు పనికిరాదు. అందులో సోడా ఎక్కువ.

చవుకైన పాత సబ్బులను చులకన చేయనక్కరలేదు. కలకత్తాలో 1916లో స్థాపింపబడిన కలకత్తా కెమికల్ కంపెనీ వారి వేపసబ్బు మార్గో నూరేండ్లుగా మన ఇండ్లలో ఉన్నది. విదేశములలో చదివి వచ్చిన ఖగేంద్ర చంద్ర దాస్ స్వదేశీ ఉద్యమపు ఊపులో స్నేహితులతో కలిసి పెట్టిన కంపెనీ అది. అదే 1916లో మైసూరు మహారాజావారి ప్రభుత్వము బెంగుళూరులో సబ్బు కర్మాగారము పెట్టినది. దాని గంధపు సబ్బు మన తెలుగు ఇండ్లలో చుట్టమువలె చేరినది. హమాము 1931 నాటిది. ఆ మాట హైదరాబాదు వారికి క్రొత్త కాదు, ఉర్దూలో స్నానశాల పేరే అది. వీనిలో ఇదియే కొనుడని మేము చెప్పము. ఏ కంపెనీవారును మా పుటకు కాసు ఇచ్చినవారు కారు. 2025 సెప్టెంబరు 22 మొదలు ఒంటి సబ్బు బిళ్లలమీద జి.ఎస్.టి. 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గినదని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము. దుకాణదారుడు పాత ధరయే చెప్పినయెడల మర్యాదగా అడుగవచ్చును.

ఇక ఆ బిడ్డ నెల సంగతి. మొదటి వారము ముఖము బిగిసినదని ఫోనులో చెప్పెను. విచారింపగా రెండు కారణములు తేలినవి. మొదటిది, బిళ్లను నేరుగా బుగ్గలమీద రుద్దుచుండెను, అదియు రోజునకు నాలుగుసార్లు. రెండవది నీరు. ఆ హాస్టలులో బోరు నీరు. అందులోని సున్నము సబ్బుతో కలిసి తెల్లని తెట్టెగా బకెట్టు అంచున పట్టుచుండెను. బకెట్టుకు పట్టినది ముఖమునకు పట్టకుండునా? అప్పటినుండి ఆమె తడిచేతులలో సబ్బును నురుగు చేసి, ఆ నురుగును మాత్రమే వ్రేళ్లతో మెల్లగా రాచుకొని, అర నిమిషము లోపల కడిగివేసి, చివరకు త్రాగు నీరు ఒక చిన్న చెంబెడు తెచ్చుకొని దానితో మరల కడుగుచుండెను. తువ్వాలుతో రుద్దక అద్దుకొని, తడి పూర్తిగా ఆరకమునుపే కొంచెము వాసెలిను పలుచగా రాచెను. ఉదయము ఒకసారి, క్లాసులనుండి వచ్చిన తరువాత సాయంకాలము ఒకసారి. సబ్బును నీటిలో నాననియ్యక చిల్లుల పెట్టెలో ఉంచుట వలన ఒక్క బిళ్ల నెలంతయు వచ్చెను.

నెల చివర ఏమైనది? ముఖము శుభ్రముగా ఉన్నది. జిడ్డు తగ్గినది. గడ్డము దగ్గర రెండు మూడు మొటిమలు అట్లే ఉన్నవి. సబ్బు మొటిమలకు మందు కాదు. ముఖము రంగు ఏమియు మారలేదు. చామనఛాయగా వచ్చిన బిడ్డ చామనఛాయగానే ఉన్నది. మేము సబ్బును మెచ్చుకొనుట సరిగా ఇందుకొరకే. దుమ్ము ఆమెది కాదు, రంగు ఆమెది. మలాకీ ప్రవక్త ప్రభువు రాకను కంసాలి అగ్నితోను చాకలివాని సబ్బుతోను పోల్చెను. కంసాలి వెండిని బంగారముగా మార్చడు, వెండిలోని మష్టును తీయును. చాకలివాడు నేతబట్టను పట్టుబట్టగా తిరిగి ఇయ్యడు. ఎవరి బట్ట వారికే, మురికి లేకుండ, గుర్తు చూచి ఇచ్చును.

అదే గదిలో మరియొక బిడ్డ ఉండెను. ఆమె సబ్బు రాచుకొనలేదు. మందుల దుకాణములో ఎవరో చెప్పిన చిన్న ట్యూబు కొని ఆరు నెలలు రాత్రివేళ రాచుకొనెను. మొదటి నెలలో ముఖము నిజముగానే తెల్లబడెను, అందరును మెచ్చుకొనిరి, ఇంటికి ఫొటో పంపగా తల్లి సంతోషించెను. తరువాత బుగ్గలు ఎర్రబారి, చర్మము పలుచనై నెత్తురు నాళములు కనబడసాగినవి. మీసము వచ్చు చోట నూగు లేచినది. మానివేసినయెడల మంట, రాచినయెడల కొంత ఉపశమనము. కల్లుకు అలవాటుపడినవాని స్థితి ఎట్లుండునో ఆ చర్మము స్థితియు అట్లే ఆయెను. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడు మందు. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అను పేర్లు దానిమీద ఉండును. అవి కొన్ని చర్మవ్యాధులకు వైద్యుడు కొద్ది దినములకు వ్రాయు మందులు, ముఖమునకు వన్నె తెచ్చు క్రీములు కావు. ఇట్టి పూతమందులను వైద్యుని చీటీ లేకుండ అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వము ఉత్తరువు చేసినది. అయినను పట్నములోను పల్లెలోను అడిగినవారికి అవి దొరకుచునే ఉన్నవి. ఆ బిడ్డ ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ వైద్యుని చికిత్సలో ఉన్నది. మెల్లగా నయమగుచున్నది.

ఆమెను నిందించుట మాకు సమ్మతము కాదు. ఆమె ఆ ట్యూబు ఎందుకు కొనెను? డిసెంబరులో పెండ్లివారు చూడవచ్చెదరని ఇంటినుండి ఫోను వచ్చినది. పిల్ల ఎర్రగా ఉండునా అని వారు ముందే అడిగిరట. ఆ అడిగినవారు మన సంఘస్థులే, ప్రతి ఆదివారము ముందు వరుసలో కూర్చుండువారే. బాప్తిస్మము తీసికొన్న మనము వధువు భక్తిని గూర్చి ఒక్క ప్రశ్నయు, రంగును గూర్చి మూడు ప్రశ్నలును అడుగుచున్నాము. నలుపు నాణ్యమని చెప్పుకొనెడి మనమే పెండ్లిచూపులలో ఆ నాణ్యమునకు కట్నము పెంచి అడుగుచున్నాము. 1975లో మన దేశములో అమ్మకమునకు వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో తన పేరులోనుండి తెలుపును సూచించు మాటను తీసివేసినది. క్రీము డబ్బా పేరు మార్చుకొన్నది గాని మన పెండ్లి మాటలు ఇంకను మారలేదు.

ఇక్కడ యిర్మీయా 13:23 చూడవలెను. కూషుదేశస్థుడు తన చర్మమును మార్చుకొనగలడా అని ప్రవక్త ప్రశ్నించుచున్నాడు. కీడునకు అలవాటుపడిన యూదావారి మనస్సు వారంతట వారు మార్చుకొనలేనిదని చెప్పుటకు ఆ పోలిక తెచ్చెను. నల్లని చర్మము పాపమని గాని, మరక అని గాని ఆయన చెప్పలేదు. అయితే లోకము ఆ పోలికను తలక్రిందులు చేసినది. 1880ల దశకములో ఇంగ్లండులో పియర్స్ సబ్బువారు ఒక నల్లజాతి బాలుడు తొట్టిలో స్నానము చేసి తెల్లబడినట్లు ప్రకటన బొమ్మ వేసిరి. రంగును మురికిగా ఎంచిన బొమ్మ అది. అదే దశకములో హెన్రీ వార్డ్ బీచర్ అను పేరుపొందిన అమెరికా బోధకుడు అదే సబ్బునకు తన మెప్పుమాట ఇచ్చెను. సబ్బు మెచ్చుటలో తప్పు లేదు. మేమును ఇప్పుడు అదే చేయుచున్నాము గదా. కాని ప్రసంగపీఠము ఆ బొమ్మ ప్రక్కన నిలువకుండినయెడల బాగుండెడిది.

ఆ యిర్మీయాకు తరువాత ఏమి జరిగెనో 38వ అధ్యాయములో ఉన్నది. ఆయనను బురద గోతిలో దింపి చావనిడిచినప్పుడు, యెరూషలేములో ఉన్న తెల్లవారు నల్లవారు అందరిలో రాజునొద్దకు వెళ్లి ఆయన ప్రాణము కొరకు మాటలాడినవాడు ఎబెద్మెలెకు, ఒక కూషుదేశస్థుడు. త్రాడు చంకలలో కోసుకొనకుండ పాత గుడ్డపీలికలు కూడ వెదకి తెచ్చి పైకి లాగించెను. ఆ చేతుల రంగు ఏదో యిర్మీయాకు గోతిలోనుండి కనబడియుండును.

సంఖ్యాకాండము 12వ అధ్యాయము మరి భయంకరమైనది. మోషే పెండ్లాడిన కూషు స్త్రీని బట్టి మిర్యాము అహరోనులు అతనికి విరోధముగా మాటలాడిరి. ఆమె రంగును గూర్చియే మాటలాడిరని గ్రంథము చెప్పలేదు గనుక మేమును చెప్పము. కాని శిక్ష ఏమో చూడుడి. మేఘము ఎత్తబడగానే మిర్యాము కుష్ఠముతో హిమమువలె తెల్లనిదాయెను. ఈ అధ్యాయములో కూషు స్త్రీ చర్మమునకు ఏ హానియు కలుగలేదు. తెలుపు వచ్చినది ఆమెను చిన్నచూపు చూచినదానికి. మోషే మొఱ్ఱపెట్టగా మిర్యాము ఏడు దినములు పాళెము వెలుపల ఉండి తిరిగి చేర్చుకొనబడెను. ఆమె వచ్చువరకు జనులు ప్రయాణము సాగించలేదు. చర్మము చెడి సిగ్గుతో దాగియున్న మన బిడ్డ కొరకు గాయకబృందము వరుసలో చోటు ఉంచవలసినది ఇందును బట్టియే. ఆ బిడ్డ ఈ క్రిస్మసుకు ఊరికి వచ్చుచున్నది. ముఖమింకను ఎర్రగా ఉన్నది. ఏమైనదమ్మా నీ ముఖమునకు అని గుడి మెట్లమీద ఎవరును అడుగవద్దని ఆ సంఘపు స్త్రీల సమాజమువారికి మేము ముందే వ్రాసియున్నాము.

నిర్గమకాండము 38:8లో ఒక చిన్న సంగతి ఉన్నది. ప్రత్యక్షపు గుడారపు ద్వారమునొద్ద సేవించు స్త్రీలు తమ అద్దములను ఇచ్చివేసిరి. ఆ కాలపు అద్దములు మెరుగుపెట్టిన లోహముతో చేసినవి. వానితో యాజకులు కాళ్లు చేతులు కడుగుకొను గంగాళము చేయబడెను. ముఖము చూచుకొను లోహము కడుగుకొను పాత్ర ఆయెను. ఆ స్త్రీల పేర్లు గ్రంథములో లేవు. వారు ఆ తరువాత ముఖము ఎట్లు చూచుకొనిరో తెలియదు. ఒకరి ముఖము ఒకరు చూచి చెప్పుకొనియుందురు.

అమీర్‌పేటలో బిడ్డలున్న తలిదండ్రులకు ఒక మాట. వచ్చే నెల బియ్యపు సంచి, పచ్చడి సీసా పంపునప్పుడు ఒంటి సబ్బు బిళ్లలు రెండు, చిల్లుల పెట్టె ఒకటి కూడ వేయుడి. ఫోనులో మాటలాడునప్పుడు ముఖమునకు ఏమి రాచుకొనుచున్నావని అడుగుడి. ట్యూబు అనినయెడల దానిమీది సన్నని అక్షరములు చదివి వినిపించుమనుడి. పైన చెప్పిన మూడు పేర్లలో ఏదైన వినబడినను, చివర సోన్ అని గాని సాల్ అని గాని ఉన్న మరే పేరు వినబడినను కోపపడవద్దు, ఉన్నట్లుండి మానుమని ఒత్తిడి చేయవద్దు. హఠాత్తుగా మానినప్పుడే మంట ఎక్కువ. గాంధీ ఆసుపత్రిలోను ఉస్మానియా ఆసుపత్రిలోను చర్మవ్యాధుల విభాగములు ఉన్నవి. ఆ ట్యూబును చేతపట్టుకొనియే అక్కడికి వెళ్లుమని చెప్పుడి.